చెన్నైలో తక్కువ ఖర్చుతో చరిత్ర మ్యూజియంలు చూడటం ఎలా: తెలుగువాళ్ల కోసం ఒక దారి

చెన్నై అంటే మనవాళ్లకు టీ నగర్ పట్టుచీరలు, పెద్ద ఆసుపత్రులు, మెరీనా బీచ్. పెళ్లి షాపింగుకో, వైద్యానికో, పిల్లల కాలేజీ సీటుకో నెల్లూరు, తిరుపతి వైపు నుంచి రైలెక్కి వస్తారు. పనైపోయాక రాత్రి బండి దాకా మిగిలిన అరపూట ఏ మాల్‌లోనో గడిచిపోతుంది. ఇక్కడే కాపురం ఉంటున్న తెలుగువాళ్ల సంగతి ఇంకా ఘోరం. పాతికేళ్లుగా ఎగ్మోర్ మీదుగా తిరుగుతూ అక్కడి ప్రభుత్వ మ్యూజియం గేటు దాటనివాళ్లు నాకు బాగానే తెలుసు.

సినిమా టికెట్ డబ్బులో చిన్న వాటా పెడితే ఆ అరపూటలో అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ల ఎదుట నిలబడొచ్చు. ఒకప్పటి గుంటూరు జిల్లాలో దొరికిన ఆ శిల్పాల్లో పెద్ద భాగం ఎగ్మోర్‌లోనే ఉంది. జగ్గయ్యపేట, గోలి, హేమావతి, దానవులపాడు రాళ్లు కూడా ఇక్కడికి చేరాయి. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఏ ఊళ్లో ఏం బయటపడ్డా బండెక్కి ఇక్కడికే వచ్చేది మరి.

ఈ మ్యూజియంలకు జేబు నిండా డబ్బు అక్కర్లేదు, కావాల్సింది కాళ్లలో సత్తువ, కాస్త ఓపిక. అందుకే ఒక పూటకు ఒకే మ్యూజియం, అందులోనూ రెండు మూడు గదులు పెట్టుకోండి. అన్నీ చుట్టేద్దామని బయల్దేరినవాళ్లకు సాయంత్రానికి కాళ్లనొప్పులు తప్ప ఏమీ గుర్తుండవు.

ముందు వారం చూసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియానికీ, సెయింట్ జార్జి కోట మ్యూజియానికీ శుక్రవారం సెలవు. మ్యూజియం అంటే సోమవారమే సెలవనుకుని, శుక్రవారం లీవు పెట్టి వచ్చి తాళం చూసి వెళ్లేవాళ్లు చాలామంది. పెరంబూర్ వైపున్న రైలు మ్యూజియానికి సోమవారం, ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్ర అనే పాత ఇళ్ల మ్యూజియానికి మంగళవారం సెలవు. వీటికి తోడు రిపబ్లిక్ డే, ఇండిపెండెన్స్ డే లాంటి జాతీయ సెలవులు.

ఆదివారం ఎగ్మోర్‌లో తిరనాళ్లే. బుధ, గురువారాల్లో పొద్దున తొమ్మిదిన్నరకు, తలుపులు తెరిచే వేళకు వెళితే చాలా గదులు మీ ఒక్కరివే. పదకొండు దాటాక స్కూలు బస్సులు వస్తాయి, ఆ గోలలో రాయి ముందు నిలబడటం కష్టం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ పాత భవనాల్లో ఉక్కపోత మామూలుగా ఉండదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి హాయి. అక్టోబరు, నవంబరు వానల్లో వచ్చేట్టయితే ఆ రోజు వాతావరణం చూసుకుని బయల్దేరండి. ఎగ్మోర్ ఆవరణలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఆరుబయటే నడవాలి.

దారి, ఖర్చు

సెంట్రల్ స్టేషన్లో దిగినవాళ్లకు మెట్రోలో ఎగ్మోర్ పక్క స్టాపే. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డు మీది మ్యూజియానికి నడవగలిగినవాళ్లు నడవొచ్చు, సామాను ఉంటే ఆటో చూసుకోండి. ఎక్కకముందే బేరం ఆడుకోవాలని చెన్నై ఆటో గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. తాంబరం, గిండి వైపు నుంచి వచ్చేవాళ్లకు లోకల్ రైలు నేరుగా ఎగ్మోర్‌లో ఆగుతుంది.

కోటకైతే బీచ్ లైన్లో ఫోర్ట్ స్టేషన్ ఉంది. బస్సు ఎక్కేట్టయితే సాధారణ ఛార్జీ బస్సు కోసం చూడండి. కనీస ఛార్జీ 5 రూపాయలు. ఆడవాళ్లకు ఈ బస్సుల్లో 2021 నుంచి ఉచితం, వాటిలో చాలావాటికి ముందు వెనకా గులాబీ రంగు వేసి ఉంటుంది. డీలక్స్, ఏసీ బస్సుల్లో మాత్రం టికెట్ కొనాల్సిందే.

ప్రవేశ రుసుములు అప్పుడప్పుడు మారుతుంటాయి, గేటు దగ్గరి బోర్డు చూసుకోండి. ఎంత మారినా మనదేశస్తులకు ఎగ్మోర్, కోట రెండూ హోటల్లో ఒక టిఫిన్ ఖర్చును మించవు. కోట మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది కాబట్టి 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. కాలేజీ పిల్లలు ఐడీ కార్డు దగ్గర పెట్టుకుంటే కొన్నిచోట్ల రాయితీ దొరుకుతుంది. అసలు బొక్క కెమెరా టికెట్, అది మనిషి టికెట్ కంటే చాలా ఎక్కువ. ఫోనుతో తీసినా కొనాలా అని కౌంటర్లోనే అడిగేయండి. నా మటుకు నేను ఫొటోల జోలికి పోను. గాజు మీద మెరుపు పడి ఎలాగూ సరిగ్గా రావు, పైగా ఫోను చేతిలో ఉంటే కన్ను పనిచేయడం మానేస్తుంది.

వెంట నీళ్ల సీసా, చిన్న నోటుబుక్కు, పెన్సిలు, చిల్లర, ఒక గుర్తింపు కార్డు ఉంటే చాలు. గదుల్లో వివరాలు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. అమ్మమ్మ, తాతయ్యలను తీసుకెళితే చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి.

ఎగ్మోర్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ మ్యూజియం 1851లో మొదలైంది. మనదేశంలో కోల్‌కతా ఇండియన్ మ్యూజియం తర్వాత పాతది ఇదే. తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు. జనాన్ని రప్పించడానికి ఆయన ఇక్కడ బతికున్న పులిని, చిరుతను కూడా ఉంచాడు. అవి పెరిగి పెద్ద జంతుశాలై, 1860లలో సెంట్రల్ దగ్గరి పీపుల్స్ పార్కుకు తరలిపోయాయి. ఇక్కడ మిగిలినవి కూరిన జంతువులు, తిమింగలం అస్థిపంజరం. అందుకే పాత మద్రాసు జనం నోట్లో ఇది 'చచ్చిన కాలేజీ'.

పిల్లలు ఉంటే కాళ్లు అటే లాగుతాయి. ఆ మోజు చివరికి ఉంచండి. టికెట్ తీసుకునేటప్పుడే ఒక్క ప్రశ్న అడగాలి: అమరావతి గ్యాలరీ, కంచు విగ్రహాల గ్యాలరీ తెరిచి ఉన్నాయా అని. ఇంత పెద్ద ఆవరణలో ఏదో ఒక గది మరమ్మతుల్లో ఉండటం మామూలే. తమిళం రాకపోతే "అమరావతి గ్యాలరీ తిరందిరుక్కా?" అంటే చాలు. టికెట్ ముక్క జేబులో భద్రంగా ఉంచుకోండి, భవనం మారినప్పుడు అడగొచ్చు.

అమరావతి గది: తీరిగ్గా గంటసేపు

ముందు కథ తెలిస్తే రాళ్లు వేరుగా కనిపిస్తాయి. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి కృష్ణ ఒడ్డుకు మార్చి అమరావతి పట్నం కట్టించాడు. కట్టడాలకు రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ ఉంది, అదే పూడిపోయిన స్తూపం. తవ్వితే చక్కటి పలకలు దొరుకుతున్నాయి. ఇంకేం, తవ్వారు. 1797లో అటు వచ్చిన సర్వేయరు కోలిన్ మెకంజీ ఆ పలకల మీది బొమ్మలు చూసి ఆశ్చర్యపోయాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. అప్పుడు తన మనుషులతో ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, చాలాకాలం ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇప్పుడు అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో, అంటే సూయెల్, బర్జెస్, రే అనే అధికారుల కాలంలో దొరికినవాటిలో ఎక్కువ భాగం ఎగ్మోర్‌లో నిలిచింది.

గదిలోకి వెళ్లగానే అన్ని పలకలూ ఒకేలా కనిపిస్తాయి, కంగారు పడకండి. ఈ వరసలో చూడండి.

మొదట రాయిని చూడండి. ఇది పాలరాయి కాదు, పల్నాడు సున్నపురాయి. లేత ఆకుపచ్చ చాయ ఉంటుంది. ఉలికి లొంగే రాయి కాబట్టే గాజుల గీతలు, గుర్రం జూలు వెంట్రుకలు కూడా నిలిచాయి. కొన్ని పలకల చుట్టూ గోడ, సిమెంటు కనిపిస్తాయి. 19వ శతాబ్దం చివర్లో వాటిని సిమెంటుతో గోడలోకి బిగించేశారు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు గానీ, గోడలోని తేమ, ఉప్పు ఆ రాయిని తింటూ వచ్చాయి. శిల్పం అంచుల్లో పొడి రాలినట్టున్న చోటు కనిపిస్తే కారణం అదే.

తర్వాత బుద్ధుడి కోసం వెతకండి. పాత పలకల్లో మనిషి రూపం కనిపించదు. ఖాళీ సింహాసనం, పాదాల జత, చక్రం, బోధివృక్షం, మంటలు ఎగసే స్తంభం, ఇవే ఆయన. చుట్టూ ఉన్నవాళ్లంతా ఖాళీ కుర్చీకి దండం పెడుతుంటారు. కాస్త తర్వాతి కాలం పలకల దగ్గరికి వస్తే మడతలు తిరిగిన వస్త్రంతో నిలబడ్డ బుద్ధుడు కనిపిస్తాడు. పిల్లలకు దీన్ని ఆటగా పెట్టండి: ఎవరు ఎక్కువ గుర్తులు కనిపెడితే వాళ్లకు ఐస్‌క్రీం.

మూడోది, ఒక్క పలకను పట్టుకుని అక్కడే ఆగడం. నేను చూపించేది నళగిరి ఏనుగు బొమ్మ. గుండ్రటి పతకంలాంటి చట్రంలో రాజగృహ నగరం వీధి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు తోరణం దాటి దూసుకొస్తూ ఒక మనిషిని తొండంతో విసురుతోంది. జనం చెల్లాచెదురు. ఒకామె భయంతో పక్కనున్న మగమనిషిని పట్టుకుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. అదే చట్రంలో ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద ఉంది. రెండు క్షణాలు, ఒకే వీధి, మధ్యలో గీత కూడా లేదు. శిల్పి ఆ కిటికీలోని ఆడవాళ్లను ఎందుకు చెక్కాడా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. కథకు వాళ్లు అక్కర్లేదు. కానీ వీధిలో గొడవైతే కిటికీ తెరవకుండా ఎవరుంటారు? దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల క్రితం కృష్ణ ఒడ్డున మనుషులు ఎలాంటి మేడల్లో ఉన్నారు, ఏ నగలు పెట్టారు, జుట్టు ఎలా ముడిచారు అన్నదంతా కథ పక్కన నిలబడ్డ ఈ జనం దగ్గరే దొరుకుతుంది.

భిక్షాపాత్రను దేవతలు ఆనందంతో గంతులేస్తూ స్వర్గానికి మోసుకెళ్లే పతకం కూడా వదలొద్దు. దాని ముందు ఊరికే నిలబడినా కాళ్లలో లయ తెలుస్తుంది.

చివరగా జగ్గయ్యపేట పలక. చక్రవర్తి చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి. మనుషులు సన్నగా, పొడుగ్గా ఉంటారు, లోతు తక్కువ. అమరావతి పతకాలకు ముందుకాలం పని ఇది. రెండూ వెంటవెంటనే చూస్తే రెండు మూడు వందల ఏళ్లలో చెయ్యి ఎంత తిరిగిందో ఏ పుస్తకమూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఓపిక మిగిలితే పక్కనే హిందూ, జైన శిల్పాల్లో అనంతపురం వైపు హేమావతి నుంచి వచ్చిన నొలంబ రాజుల కాలం రాళ్లు వెతకండి. కర్నూలు గుహలు తవ్విన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరించిన రాతి పనిముట్లు కూడా ఈ మ్యూజియానివే. 1863లో పల్లావరంలో ఆయనకు దొరికిన చేతిగొడ్డలితోనే మనదేశంలో పాతరాతియుగం చదువు మొదలైంది. ఇప్పుడు విమానాశ్రయం పక్కన ట్రాఫిక్‌లో మనం తిట్టుకుంటూ ఆగే పల్లావరమే అది.

కంచు విగ్రహాలు

ఇవి వేరే భవనంలో ఉన్నాయి. మధ్యలో చెట్టు కింద పది నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి వెళ్లండి. లోపల రెండే రెండు పెట్టుకోండి. ఒకటి అరక్కోణం దగ్గరి తిరువాలంగాడు నటరాజు. మద్రాసు మ్యూజియంలోని నటరాజుల ఫొటోలు చూసే ఫ్రెంచి శిల్పి రోడాన్ వ్యాసం రాశాడు. రెండోది తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు. ముందు నుంచి చూశాక నెమ్మదిగా ఒక పక్కకు జరగండి. శివుడి వైపు రెండు చేతులు, అమ్మవారి వైపు ఒక్కటే. నడుము వంపు, తుంటి బరువు, వస్త్రం పొడవు అన్నీ నిలువు గీతకు ఇటూ అటూ మారిపోతాయి, అయినా మనిషి ఒక్కరే. మైనంతో చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలోకి లోహం పోసిన పని ఇది. అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి ఏ విగ్రహానికీ జత ఉండదు.

బయటికొచ్చేటప్పుడు 1909లో తెరిచిన ఎర్రటి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనం ముందు ఆగండి. హెన్రీ ఇర్విన్ గీసిన నమూనా. గులాబీ రంగు ఇసుకరాయి మన సత్యవేడు నుంచి వచ్చింది. అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి.

కోట: ఇంకో రోజుకి

ఎగ్మోర్ చూసిన రోజే కోటకు పరుగెత్తొద్దు. సెయింట్ జార్జి కోటలోనే సచివాలయం, శాసనసభ ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర సంచీలు వెతుకుతారు, గుర్తింపు కార్డు అడుగుతారు. సభ జరిగే రోజుల్లో పోలీసు హడావుడి ఎక్కువ. పెద్ద సంచీ లేకుండా వెళ్లండి.

1639లో ఈ ఇసుకనేల ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చినవాళ్లు దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన తమ్ముడు. తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం. కంపెనీకి దుబాసీగా, అంటే మాటలు అనువదించే మధ్యవర్తిగా పనిచేసి ఊరు నిలబెట్టిన బేరి తిమ్మన్నా తెలుగువాడే. మ్యూజియం భవనం 1795లో వర్తకుల కోసం పూర్తయింది, 1948లో మ్యూజియం అయింది. కింద టిప్పు సుల్తాన్‌ను ఓడించిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ నిలువెత్తు విగ్రహం ఉంటుంది. జనం మొహం చూసి పోతారు. మీరు పీఠం చూడండి. టిప్పు ఇద్దరు చిన్న కొడుకులను 1792 సంధి తర్వాత హామీ బందీలుగా అప్పగిస్తున్న దృశ్యం అక్కడ చెక్కి ఉంది. గెలిచినవాడి దర్జా కింద ఇద్దరు పిల్లలు. పై అంతస్తులో దొరల తైలవర్ణచిత్రాలు వరసగా ఉంటాయి, వాటి ముందు నేను ఎక్కువసేపు ఆగను. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరిన జెండా మాత్రం మసక వెలుతురు గదిలో జాగ్రత్తగా ఉంచారు, అది చూడాల్సిందే. బయట 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో నేలంతా పాత సమాధి ఫలకాలే.

మిగతావి, క్లుప్తంగా

మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహార దీక్షలో 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది ఇక్కడే, అప్పట్లో బులుసు సాంబమూర్తి ఇంట్లో. చూడటానికి వస్తువులు తక్కువ. అయినా తెలుగువాళ్లు మైలాపూర్ కపాలీశ్వర గుడికి వచ్చి ఇటు రాకుండా పోవడం నాకు నచ్చదు. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో ఫోనులో కనుక్కోండి.

మెరీనా ఎదుటి వివేకానంద ఇల్లం, అంటే పాత ఐస్ హౌస్, అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు దాచడానికి 1842లో కట్టింది. 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు ఉన్నాడు. సాయంత్రం బీచ్‌కు వెళ్లేవాళ్లు దాన్ని కలుపుకోవచ్చు. రైలు మ్యూజియం పిల్లలున్నవాళ్లకు, చిట్టి రైలెక్కిస్తే మీకు ఒక పూట ప్రశాంతత. పాంథియన్ రోడ్డులోనే పాత కమిషనర్ ఆఫీసులో 2021లో పోలీసు మ్యూజియం తెరిచారు.

దక్షిణచిత్ర ఈ లెక్కలో చవక కాదు, టికెట్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ప్రయాణం కలిపితే బాగానే అవుతుంది. కాకపోతే కొయ్యలగూడెం చేనేత ఇంటినీ, విశాఖ తీరం హరిపురం ఇంటినీ నిలబెట్టి మగ్గం, వంటిల్లు దగ్గర నుంచి చూపించే చోటు ఇంకోటి లేదు. రోజంతా కేటాయించగలిగితేనే వెళ్లండి.

చదువరులకు ఒకటి. మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరించిన తాళపత్రాలు, కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు) ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కోట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. మెకంజీ కోసం ఊరూరా తిరిగి ఆ కైఫీయత్తులు రాయించినవాళ్లు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. ఇది మ్యూజియం కాదు, అద్దాల వెనక ప్రదర్శన ఉంటుందని పోకండి. మీ ఊరి కైఫీయత్తు కావాలంటే పాత తాలూకా పేరు, ఊరి పాత పేరు రాసుకుని వెళ్లి, అక్కడి సిబ్బందిని కేటలాగు అడగండి. శని, ఆదివారాలు వద్దు, మామూలు పనిదినం పొద్దున్నే వెళ్లండి.